మొదటి డీజే పెట్టె: అప్పు చేయకుండా ఎంచుకునేదెలా?

షాబాద్: పెళ్లికొడుకు బండెక్కాడు. ముందు డీజే బండి కదిలింది. బండి మీద నిలబడ్డ కుర్రాడు చెవికి ఒకవైపు హెడ్‌ఫోన్ ఆనించి, రెండు గుండ్రటి పళ్లాల మీద చేతులాడిస్తున్నాడు. ఒక పాట అయిపోక ముందే ఇంకో పాట అందుకుంటోంది. కింద చిందులేసేవారి అడుగు ఆగడం లేదు. బరాత్ వెంట నడిచే పిల్లల్లో సగం మంది కళ్లు పెళ్లికొడుకు మీద ఉండవు, ఆ కుర్రాడి చేతుల మీదే ఉంటాయి.

షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ వైపు పల్లెల్లో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలకూ, చందన్‌వెల్లి పరిశ్రమల్లో షిఫ్టు పనికి వెళ్లే యువకులకూ ఆ పని నేర్చుకోవాలనిపిస్తే ఆశ్చర్యం లేదు. చిక్కల్లా డబ్బు దగ్గరే వస్తుంది. పత్తి అమ్మిన సొమ్మో, చిట్టీ ఎత్తిన సొమ్మో చేతికి రాగానే నేరుగా దుకాణానికి వెళ్లి, మెరిసే పెట్టె చూసి కొనేస్తే ఇబ్బందే. పని రాకముందే అప్పు మిగులుతుంది. ఏ పెట్టె ఎందుకు పనికొస్తుందో ముందే తెలుసుకుంటే తక్కువ ఖర్చుతోనే పని నేర్చుకోవచ్చు.

మైకుసెట్టు రోజుల నుంచి

ఊళ్లకు ఈ గుండ్రటి పళ్లెం కొత్త కాదు. క్యాసెట్లు రాకముందు పెళ్లి పందిట్లో మైకుసెట్టు అంటే ఒక ఆంప్లిఫయరు, చెట్టుకు కట్టిన గొట్టం స్పీకరు, పక్కన రికార్డు ప్లేయరు. నల్లటి రికార్డును పళ్లెం మీద పెట్టి, ముల్లును అంచున దించితే పాట మొదలయ్యేది. తొలి రికార్డులు నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. 1948లో అమెరికాలో నిమిషానికి 33 చుట్లకు కాస్త పైగా తిరిగే పెద్ద రికార్డు, మరుసటి ఏడాది 45 చుట్ల చిన్న రికార్డు వచ్చాయి. మన సినిమా పాటలు ఈ మూడు రకాల మీదా వెలువడ్డాయి.

మైకుసెట్టు అతనికి ఉన్నది ఒకే పళ్లెం. ఒక రికార్డు తీసి ఇంకొకటి పెట్టేదాకా పందిరంతా నిశ్శబ్దం. డీజే పనికి రెండు పళ్లాలు కావలసి వచ్చింది ఈ నిశ్శబ్దాన్ని తప్పించడానికే. ఒకటి జనానికి వినిపిస్తుండగా, రెండోది డీజే చెవికి మాత్రమే వినిపిస్తుంది. రెండింటి మధ్య మిక్సర్ ఉంటుంది. దాని మీది మీటను జరిపితే మొదటి పాట తగ్గుతూ రెండోది పెరుగుతుంది.

న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో 1973 ఆగస్టు 11న ఒక చిన్న ఇంటి వేడుక జరిగింది. కూల్ హెర్క్ అనే పేరుతో ప్రసిద్ధుడైన యువకుడు అక్కడ పాటలు వేశాడు. పాటలో గొంతు ఆగి డప్పు ఒక్కటే మోగే చోట జనం ఎక్కువగా ఆడుతున్నారని అతను గమనించాడు. ఒకే రికార్డు ప్రతులు రెండు తీసుకుని, రెండు పళ్లాల మీద మార్చి మార్చి వేసి ఆ డప్పు ముక్కను సాగదీశాడు. హిప్‌హాప్ సంగీతానికి అదే ఆరంభమని చెబుతారు. తీన్మార్ దరువు ఆగకూడదని కోరే మన ఊరి బరాత్‌కు ఈ కిటుకు విడమరచి చెప్పనక్కరలేదు.

గిర్ని పట్టాకూ సూటి మోటారుకూ తేడా

రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్స్ రెండు రకాలు. ఒక రకంలో మోటారు ఒక పక్కన ఉండి, రబ్బరు పట్టాతో పళ్లేన్ని తిప్పుతుంది. పిండి గిర్నిలో మోటారు నుంచి పట్టా వేసి రాయిని తిప్పినట్టే. ఇంట్లో కూర్చుని పాట వినడానికి ఇది చాలు. డీజే మాత్రం పళ్లేన్ని చేత్తో ఆపుతాడు, వెనక్కి తిప్పుతాడు, వదిలేస్తాడు. అలా చేస్తే పట్టా జారుతుంది, సాగుతుంది. వదిలిన వెంటనే పళ్లెం వేగం అందుకోదు, పాట నీరసంగా మొదలవుతుంది.

రెండో రకంలో పట్టా ఉండదు. మోటారు ఇరుసు మీదే పళ్లెం కూర్చుంటుంది. దీన్ని డైరెక్ట్ డ్రైవ్ అంటారు. జపాన్‌కు చెందిన మత్సుషితా సంస్థ టెక్నిక్స్ పేరుతో 1972లో తెచ్చిన ఎస్ఎల్-1200 ఈ రకానిదే. 1979లో వచ్చిన దాని రెండో నమూనాలో వేగాన్ని 8 శాతం దాకా పెంచడానికీ తగ్గించడానికీ జారుడు మీట పెట్టారు. ఆగి ఉన్న పళ్లెం 0.7 సెకనులో పూర్తి వేగం అందుకునేది. ప్రపంచమంతటా డీజేలు దీన్నే ప్రమాణంగా తీసుకున్నారు. 2010లో తయారీ ఆపిన సంస్థ, 2016లో మళ్లీ మొదలుపెట్టింది.

కాబట్టి డీజే పని కోసం రికార్డు టర్న్‌టేబుల్ కొనేవారు మొదట అడగవలసిన మాట: పట్టాదా, డైరెక్ట్ డ్రైవా? ఉదాహరణకు ఆడియో టెక్నికా సంస్థ అమ్మే ఎల్‌పీ-60 పట్టా రకం. ముల్లు దానంతటదే దిగుతుంది, లేస్తుంది. వినడానికి బాగుంటుంది, డీజే పనికి రాదు. అదే సంస్థ ఎల్‌పీ-120ఎక్స్ డైరెక్ట్ డ్రైవ్ రకం. వేగం మార్చే మీట ఉంది, 78 చుట్ల వేగమూ ఉంది.

తాతల నాటి 78 రికార్డులు ఇంట్లో ఉన్నవారికి ఈ చివరి సంగతి ముఖ్యం. చాలా డీజే టర్న్‌టేబుల్స్‌లో 33, 45 వేగాలే ఉంటాయి. పైగా 78 రికార్డు గాడి వెడల్పు. దానికి లావు మొన గల ముల్లు వేరే కావాలి. మామూలు ముల్లు పెడితే పాట గరగరమంటుంది, ముల్లూ పాడవుతుంది.

ఊరు అడిగే పాట రికార్డు మీద ఉందా?

అసలు ప్రశ్న ఇదే. బరాత్‌లో జనం అడిగేవి కొత్త జానపదాలు, రీమిక్స్‌లు, నిన్నమొన్నటి సినిమా పాటలు. ఇవి చాలావరకు ఫోనుల్లో, పెన్‌డ్రైవ్‌ల్లో తిరిగేవే. నల్ల రికార్డులుగా అచ్చయినవి అరుదు. అంటే రెండు టర్న్‌టేబుల్స్ కొన్న కుర్రాడి దగ్గర, ఊరు అడిగే పాట ఒక్కటీ ఉండకపోవచ్చు. కంప్యూటర్‌లోని పాటలను ప్రత్యేక రికార్డు ద్వారా నడిపించే పద్ధతి ఉంది గానీ, దానికి టర్న్‌టేబుల్స్‌తో పాటు ల్యాప్‌టాప్, వేరే పరికరం, సాఫ్ట్‌వేర్ అన్నీ కావాలి. కొత్తవాడికి అది తలకు మించిన బరువు.

ఖర్చు కూడా చూడాలి. ఇప్పటి టెక్నిక్స్ డీజే నమూనా ఒక్కటే లక్ష రూపాయలు దాటుతుంది. కావలసినవి రెండు. మధ్యలో మిక్సర్, రెండింటికీ ముల్లు, పళ్లెం మీద జారే గుడ్డ చక్రం, రికార్డులు అదనం. ముల్లు అరిగిపోయే వస్తువు కాబట్టి ఖర్చు ఒకసారితో తీరదు.

అందుకే బరాత్ పని నేర్చుకోదలచిన వారికి కంట్రోలర్ మేలు. ఒకే పెట్టెలో రెండు పళ్లాలు, మధ్యలో మిక్సర్ ఉంటాయి. పాటలు ల్యాప్‌టాప్‌లోనో ఫోనులోనో ఉంటాయి. పెట్టెను యూఎస్‌బీ వైరుతో కలుపుతారు. పళ్లెం తిప్పితే లోపలి పాట కదులుతుంది. బరాత్ బండ్ల మీద కనిపించే పళ్లాలు ఎక్కువగా ఇవే. పాత పాటల మీద మక్కువతో, చేతి నేర్పు కోసం రికార్డుల దారి పట్టేవారు ఉంటే మంచిదే. వారు ఒక్క డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్‌తో మొదలుపెట్టి, రెండోది నిదానంగా కొనుక్కోవచ్చు.

చెవికి ముందే వినపడాలి

కంట్రోలర్లలోనూ మాయ ఉంది. రంగురంగుల దీపాలు, బోలెడు మీటలు చూసి మోసపోకూడదు. చూడవలసినవి నాలుగే.

మొదటిది హెడ్‌ఫోన్. జనానికి ఒక పాట వినిపిస్తుండగా, రాబోయే పాట డీజే చెవికి విడిగా వినపడాలి. ఇది లేకపోతే అది డీజే పెట్టే కాదు, పాటలు మార్చే పెట్టె. ఈ సౌకర్యానికి పెట్టెలోనే సౌండ్ కార్డు ఉండాలి. పయొనీర్ డీజే సంస్థ 2019లో తెచ్చిన డీడీజే-200లో అది లేదు. ఫోను నుంచి వచ్చే శబ్దాన్ని చీలిక వైరుతో రెండుగా పంచుకోవాలి. అదే సంస్థ తర్వాత తెచ్చిన డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4లో సౌండ్ కార్డు, హెడ్‌ఫోన్ రంధ్రం, మైకు రంధ్రం అన్నీ ఉన్నాయి. అరచేతి వెడల్పుతో పొడవుగా ఉండే న్యూమార్క్ డీజే2గో2 టచ్ చిన్నదైనా, అందులో హెడ్‌ఫోన్ సౌకర్యం ఉంది. హెర్క్యులస్ ఇన్‌పల్స్ 200లోనూ ఉంది.

రెండోది వేగం మార్చే మీట. ఇది ఎంత పొడవుంటే అంత మేలు. బొటనవేలంత మీటతో వెంట్రుకవాసి తేడా సరిచేయడం కష్టం.

మూడోది బయటికి వెళ్లే వైరు రంధ్రాలు. ఎర్రటి, తెల్లటి ఆర్‌సీఏ రంధ్రాలుంటే ఊళ్లోని ఏ ఆంప్లిఫయరుకైనా కలపవచ్చు.

నాలుగోది కరెంటు. యూఎస్‌బీ నుంచే శక్తి తీసుకునే పెట్టె అయితే, కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు సాధన సాగుతుంది. పల్లెలో ఇది చిన్న సంగతి కాదు.

పైసా ఖర్చు లేకుండా మొదటి నెల

పెట్టె కొనక ముందే పని రుచి చూడవచ్చు. మిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఏ కంప్యూటర్‌లోనైనా వేసుకుని, కీబోర్డుతోనే రెండు పాటలు కలపవచ్చు. సెరాటో డీజే లైట్ కూడా ఉచితమే. నెల రోజులు దీనితో గడిపాక ఆసక్తి నిలిస్తే పెట్టె కొనాలి. నిలవకపోతే డబ్బు మిగిలినట్టే.

ఆ నెలలో నేర్చుకోవలసినది దరువు లెక్క. పాట వింటూ 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే, నిమిషానికి ఎన్ని దెబ్బలో తేలుతుంది. ఒక పాట 25 దెబ్బలిస్తే నిమిషానికి 100. రెండో పాట 26 ఇస్తే 104. ఈ రెండింటినీ అలాగే కలిపితే కొద్ది క్షణాల్లోనే దరువులు విడిపోతాయి, గుర్రాల గుంపు పరుగెత్తినట్టు వినిపిస్తుంది. మొదటి పాట వేగాన్ని 4 శాతం పెంచితే రెండూ 104 అవుతాయి. కాడికి కట్టిన రెండు ఎద్దులు ఒకే అడుగు వేసినట్టు సాగుతాయి.

సింక్ అనే మీట నొక్కితే యంత్రమే ఈ లెక్క చేసిపెడుతుంది. మొదట్లో దాన్ని ముట్టకపోవడం మంచిది. డప్పు చేత్తో కొట్టి పంపిన పాటల్లో, పాత పాటల్లో దరువు అక్కడక్కడ హెచ్చుతగ్గులవుతుంది. అలాంటి చోట యంత్రం లెక్క తప్పితే సరిదిద్దవలసింది చెవే. చెవికి పని నేర్పినవాడు ఏ పెట్టె ముందైనా నిలబడగలడు.

చేతిలో సొమ్ము ఎంత?

ధరలు నెలనెలా మారతాయి కాబట్టి ఈ అంకెలు సుమారువే. చిన్న కంట్రోలర్లు 10 వేల నుంచి 20 వేల రూపాయల లోపు దొరుకుతాయి. ఎఫ్‌ఎల్‌ఎక్స్4 వంటివి 30 వేలు దాటుతాయి. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవారికి 40 వేలలో మొత్తం సరిపోతుంది. 30 నుంచి 33 వేలు పెట్టెకు, 3 వేలు చెవిని గట్టిగా మూసే హెడ్‌ఫోన్‌కు, వెయ్యి రూపాయలు మంచి వైర్లకు, మిగిలింది దుమ్ము పడకుండా మూతకూ సంచికీ. ల్యాప్‌టాప్ లేనివారు ఫోనుతో పనిచేసే పెట్టె అడగాలి. ఏ ఫోనుకు పనిచేస్తుందో దుకాణంలోనే తమ ఫోను కలిపి చూసుకోవాలి.

సాధనకు కొత్త స్పీకర్లు అక్కరలేదు. ఇంట్లోని టీవీ స్పీకరో, పాత హోం థియేటరో చాలు.

కోఠిలోని గుజరాతీ గల్లీలో స్పీకర్లు, ఆంప్లిఫయర్లు, వైర్లు అమ్మే దుకాణాలు వరుసగా ఉంటాయి. కొనేరోజున కాకుండా ఒకరోజు ముందే వెళ్లి మూడు చోట్ల ధర అడిగి రావాలి. బిల్లు, గ్యారంటీ కాగితం లేకుండా కొనకూడదు. బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తామంటే, పెట్టె చెడిన రోజున ఆ వెయ్యి ఎన్నో వేలవుతుంది.

పాత సామాను కొనేటప్పుడు

వాడిన పెట్టె సగం ధరకు దొరికితే మంచి బేరమే. అయితే పగటిపూట, అమ్మేవారి ఇంట్లోనే, కరెంటు పెట్టి చూడాలి. కంట్రోలర్ అయితే ప్రతి మీటనూ చివరి నుంచి చివరికి మెల్లగా జరపాలి. మధ్యలో గరగరమంటే లోపల దుమ్ము చేరినట్టు. మధ్య మీటను పూర్తిగా ఒక పక్కకు తోసినా రెండో పాట సన్నగా వినిపిస్తుంటే అది అరిగిపోయింది. పళ్లెం తాకీ తాకనట్టు తాకినా పాట స్పందించాలి. యూఎస్‌బీ రంధ్రంలో వైరును కాస్త కదిపి చూడాలి. అక్కడ వదులుగా ఉంటే నడి బరాత్‌లో పాట ఆగిపోతుంది.

రికార్డు టర్న్‌టేబుల్ అయితే పళ్లేన్ని తిప్పి కళ్లెత్తున చూడాలి. ఎగుడుదిగుడుగా ఊగకూడదు. ముల్లు పట్టుకున్న చేయి అటూ ఇటూ తేలికగా కదలాలి, వదులుగా గలగలమనకూడదు. ముల్లు అరిగిందేమోనన్న అనుమానం ఉంటే కొత్త ముల్లు ఖర్చును ధరలోంచి తగ్గించి అడగాలి. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే శబ్దం చాలా బలహీనం. దాన్ని ఫోనో అని రాసి ఉన్న రంధ్రానికే కలపాలి. భూమి తీగ కలపకపోతే స్పీకర్లో గుయ్‌మని మోత వస్తుంది. చాలామంది దీన్నే పెట్టె చెడిపోయిందనుకుంటారు.

పెద్ద స్పీకర్లకు ఇప్పుడే తొందర వద్దు

అసలు అప్పు పుట్టేది పళ్లాల దగ్గర కాదు. బండి, జనరేటరు, మనిషెత్తు స్పీకర్లు, ఆంప్లిఫయర్లు అంటూ పోతే లెక్క లక్షల్లోకి ఎక్కుతుంది. పని నేర్చుకోకముందే అటు పోకూడదు. చేతి పని వచ్చినవాడికి బండి ఉన్నవారే పిలిచి కూలి ఇస్తారు.

చట్టమూ గుర్తుంచుకోవాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వేయకూడదు. పండుగల వేళ ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. నిశ్శబ్ద మండలాలుగా ప్రకటించిన ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర ఇంకా కట్టడి ఉంటుంది. మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టంలను హైదరాబాద్ నగర పోలీసులు 2024లో నిషేధించారు. అప్పుచేసి కొన్న స్పీకర్లు ఠాణాకు చేరితే, వాయిదాలు ఇంట్లోవాళ్లు కట్టాలి. ఏ ఊళ్లో పని ఒప్పుకున్నా ముందు అక్కడి ఠాణాలో అనుమతి సంగతి అడిగి తెలుసుకోవడం మంచిది.

చెవులు కూడా పెట్టుబడే. అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు మించి వినకూడదు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగిన కొద్దీ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. డీజే బండి మీద నిలబడేవాడికి రాత్రంతా ఇదే మోత. మందుల దుకాణంలో దొరికే చెవి బిరడాలు కొద్ది రూపాయలే. పెట్టె చెడితే ఇంకోటి కొనవచ్చు, చెవి చెడితే తెచ్చి పెట్టేవారు లేరు. గోడకు అవతల మంచం మీద ఉన్న ముసలివారి గుండె, తొట్టెలో పడుకున్న పసివాడి చెవి కూడా ఊరి సొత్తే.

ఇంట్లో అడిగేవారికి ఒక మాట

పిల్లవాడు డీజే పెట్టె అడిగితే తల్లిదండ్రులు కసురుకోవడమూ, వెంటనే ఒప్పుకోవడమూ రెండూ తొందరే. నెల రోజులు ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సాధన చేయమనాలి. ఆ తర్వాత రెండు పాటలు, సింక్ మీట నొక్కకుండా, దరువు తప్పకుండా కలిపి వినిపించమనాలి. వింటున్నవారికి పాట ఎక్కడ మారిందో తెలియకపోతే, ఆ పిల్లవాడికి మొదటి పెట్టె కొనిపెట్టవచ్చు. అప్పుడు ఖర్చయ్యే సొమ్ముకు ఒక పని వచ్చిన చేయి తోడుంటుంది.